యాంటీవైరస్ అప్‌డేట్ కావట్లేదా? విప్పి చూడాల్సిన వరుస ఇది

యాంటీవైరస్ అప్‌డేట్ ఆగిపోగానే చాలామంది దాన్ని పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అది ఆఖరున చేయాల్సిన పని. అప్‌డేట్ ఆగడానికి కారణం చాలాసార్లు యాంటీవైరస్‌లో ఉండదు, దాని చుట్టూ ఉంటుంది: తప్పు తేదీ, నిండిపోయిన డిస్క్, ఎప్పుడో తీసేసిన వీపీఎన్ వదిలివెళ్లిన ప్రాక్సీ (నెట్‌ను మధ్యలో ఇంకో సర్వర్ మీదుగా తిప్పే సెట్టింగ్), సగం తీసిన పాత యాంటీవైరస్. వాటిని సరిచేయకుండా ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అదే ఎర్ర గుర్తు మళ్లీ వస్తుంది. ఇక్కడ చెప్పేది విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్ల గురించి.

ముందు, కాపలా ఎవరిదో తేల్చుకోండి

స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరవండి. ఎడమవైపు కింద ఉన్న సెట్టింగ్స్‌లోకి వెళ్లి మేనేజ్ ప్రొవైడర్స్ నొక్కితే, ఈ కంప్యూటర్లో యాంటీవైరస్‌గా ఏవేవి నమోదయ్యాయో, వాటిలో ఏది ఆన్‌లో ఉందో కనిపిస్తుంది. బయటి యాంటీవైరస్ ఏదైనా ఉంటే విండోస్‌తోనే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు డిఫెండర్ ఆఫ్‌లో ఉండటం లోపం కాదు, దాన్ని ఆన్ చేయాలని తంటాలు పడనక్కర్లేదు.

బయటి యాంటీవైరస్‌లు రెండు కనిపిస్తే మాత్రం సమస్య దొరికినట్టే. రెండూ ప్రతి ఫైల్‌నూ తెరిచే క్షణంలోనే పట్టుకోవాలని చూస్తాయి, ఒకదాని క్వారంటైన్‌ను (పట్టుకున్న ఫైళ్లను బంధించి ఉంచే చోటు) ఇంకొకటి వైరస్ అనుకుంటుంది, కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఒకటి ఉంచి ఒకటి తీసేయండి. కొత్త కంప్యూటర్‌తో వచ్చిన ట్రయల్ గడువు ముగిసి మూలన పడి ఉంటే ముందు దాన్ని తీయండి. డబ్బు కట్టిన యాంటీవైరస్ అయితే గడువు తేదీని దాని అకౌంట్ పేజీలో చూడండి. గడువు ముగిశాక కొన్ని ఉత్పత్తులు మామూలుగానే కనిపిస్తాయి, కొత్త డెఫినిషన్లు (వైరస్‌లను గుర్తుపట్టే జాబితాలు) మాత్రం తెచ్చుకోవు.

డిఫెండర్ వాడుతుంటే వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో ప్రొటెక్షన్ అప్‌డేట్స్ తెరవండి. అక్కడ సెక్యూరిటీ ఇంటెలిజెన్స్ (డెఫినిషన్లకు మైక్రోసాఫ్ట్ పెట్టిన పేరు) వెర్షన్, అది తయారైన తేదీ, చివరిగా అప్‌డేట్ అయిన సమయం ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ఈ డెఫినిషన్లను రోజుకు చాలాసార్లు విడుదల చేస్తుంది. వాటిని చదివి పనిచేసే ఇంజిన్, ప్లాట్‌ఫామ్ సుమారు నెలకోసారి మారతాయి. కాబట్టి డెఫినిషన్ తేదీ ఒకరోజు వెనకబడితే కంగారు అక్కర్లేదు, కంప్యూటర్ ఆఫ్‌లో ఉండి ఉండొచ్చు. నెట్ ఉన్నా మూడు నాలుగు రోజులుగా కదలకపోతే కింద చెప్పినవి మొదలుపెట్టండి.

చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కినప్పుడు వచ్చే ఎర్రర్ కోడ్‌ను రాసిపెట్టుకోండి. సగం పని అదే చేసిపెడుతుంది. 0ఎక్స్80070422 అంటే కావలసిన సర్వీస్ డిసేబుల్ అయి ఉంది. 0ఎక్స్80070070 అంటే డిస్క్‌లో చోటు లేదు. 0ఎక్స్8024402సి వస్తే ప్రాక్సీనో, సర్వర్ పేరు దొరకకపోవడమో కారణం. 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్ అయితే ముందు తేదీ, సమయం చూడండి. 0ఎక్స్80070643 మాత్రం పెద్దగా ఏమీ చెప్పదు. ఇన్‌స్టాల్ మధ్యలో ఏదో విఫలమైందని మాత్రమే దాని అర్థం.

గడియారం, చోటు, నెట్

తేదీ తప్పుగా ఉంటే అప్‌డేట్ ఎందుకు ఆగుతుంది? కంప్యూటర్ అప్‌డేట్ సర్వర్‌తో మాట్లాడే ముందు దాని సర్టిఫికెట్ (ఆ సర్వర్ అసలైనదేనని చెప్పే గుర్తింపు పత్రం) చూస్తుంది. ఆ సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మీ గడియారం నాలుగేళ్లు వెనక ఉంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనట్టే లెక్క, కనెక్షన్ తెగిపోతుంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్ తెరిచి, సెట్ టైమ్ ఆటోమేటికల్లీ ఆన్ చేసి, సింక్ నౌ నొక్కండి. టైమ్ జోన్ కూడా సరిచూడండి.

ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది సీఆర్2032 రకం, 3 వోల్టులది. కంప్యూటర్ ఆఫ్ చేసి, వైరు ప్లగ్ నుంచి పూర్తిగా తీసి, అక్షరాలున్న వైపు పైకి వచ్చేలా కొత్తది పెట్టాలి. బ్యాటరీ తీస్తే బయోస్ (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి పోవచ్చు. అప్పుడు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉన్న కంప్యూటర్ రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ చేతిలో లేకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

చోటు సంగతి తేలిక. సీ డ్రైవ్‌లో కనీసం అయిదారు జీబీ ఖాళీ ఉండేలా చూసుకోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి శుభ్రం చేయొచ్చు. అక్కడ డౌన్‌లోడ్స్ పక్కన టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే దాచుకున్న ఫైళ్లు కూడా పోతాయి.

నెట్ వైపు మూడు చోట్ల చూడాలి. ఒకటి, మీటర్డ్ కనెక్షన్. ఫోన్ హాట్‌స్పాట్ వాడిన రోజుల్లో డేటా ఆదా కోసం ఆన్ చేసి మరిచిపోతే డౌన్‌లోడ్లు ఆగుతాయి. వైఫై ప్రాపర్టీస్‌లో ఉంటుంది, ఆఫ్ చేయండి. రెండు, ప్రాక్సీ. నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో ప్రాక్సీ తెరిస్తే, యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్ అనేది ఇంటి కంప్యూటర్లో మామూలుగా ఆఫ్‌లో ఉండాలి. మీరు పెట్టకుండా అక్కడ అడ్రస్ ఉంటే, పాత వీపీఎన్ వదిలినదో మాల్‌వేర్ (వైరస్ లాంటి హానికర ప్రోగ్రామ్) పెట్టినదో అయి ఉంటుంది.

మూడోది హోస్ట్స్ ఫైల్, ఏ సైట్ పేరు ఏ చిరునామాకు వెళ్లాలో కంప్యూటర్‌కు చెప్పేది. దీన్ని చాలామంది చూడరు, మాల్‌వేర్ మాత్రం మరిచిపోదు. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే ఫోల్డర్ల లోపల ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, ఓపెన్ పెట్టెలో ఆల్ ఫైల్స్ ఎంచుకుంటేనే కనిపిస్తుంది, ఎందుకంటే దాని పేరు చివర టీఎక్స్‌టీ ఉండదు. మామూలుగా అందులో వరుసలన్నీ # గుర్తుతోనే మొదలవుతాయి. ఆ గుర్తు లేకుండా 127.0.0.1 అనో 0.0.0.0 అనో మొదలై, పక్కన మైక్రోసాఫ్ట్ పేరో యాంటీవైరస్ కంపెనీ పేరో ఉంటే, ఆ సైట్లకు దారి మూసేశారన్నమాట. ఆ వరుసలు తీసి సేవ్ చేయండి. ప్రకటనలు ఆపడానికి మీరే పెట్టుకున్న జాబితా అయితే అందులో ఈ పేర్లు ఉన్నాయేమో వెతికితే చాలు.

డిఫెండర్ ఇంకా మొరాయిస్తే

డిఫెండర్ అప్‌డేట్లు విండోస్ అప్‌డేట్ దారిలోనే వస్తాయి. విండోస్ అప్‌డేట్ హిస్టరీలో కేబీ2267602 అని కనిపించేవి ఇవే. కాబట్టి విండోస్ అప్‌డేట్‌ను ఎవరైనా కట్టిపడేస్తే డిఫెండర్‌కూ ఆహారం అందదు. "విండోస్ అప్‌డేట్‌ను శాశ్వతంగా ఆపండి" అని చెప్పే చిట్కాలు పాటించిన కంప్యూటర్లలో ఇదే జరుగుతుంది. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని టైప్ చేసి తెరిచి విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ వెతకండి. స్టార్టప్ టైప్ మాన్యువల్ అని ఉండి, అది నడవకుండా ఉన్నా ఫర్వాలేదు, అవసరమైనప్పుడు తనే లేస్తుంది. డిసేబుల్డ్ అని ఉంటేనే తప్పు. దాన్ని మాన్యువల్ చేసి స్టార్ట్ నొక్కండి.

అదీ సరిగానే ఉంటే పాడైన డౌన్‌లోడ్ ఇరుక్కుని ఉండొచ్చు. ఆ రెండు సర్వీసులనూ స్టాప్ చేసి, విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్న డౌన్‌లోడ్ ఫోల్డర్ లోపలివన్నీ తీసేయండి. ఫోల్డర్‌ను అలాగే ఉంచాలి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి.

ఇది కుదరకపోతే డెఫినిషన్లను చేత్తో ఎక్కించవచ్చు. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఇంటెలిజెన్స్ పేజీలో 64 బిట్, 32 బిట్, ఆర్మ్ అని వేర్వేరు ఫైళ్లు ఉంటాయి. మీది ఏదో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో సిస్టమ్ టైప్ దగ్గర చూసుకోండి. ఎంపామ్-ఎఫ్ఈ అనే ఆ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేస్తే తెర మీద ఏమీ రాదు. పని చేయలేదనుకుని పదిసార్లు నొక్కకండి. కాసేపు ఆగి ప్రొటెక్షన్ అప్‌డేట్స్‌లో వెర్షన్ మారిందో లేదో చూడండి. నెట్ లేని కంప్యూటర్‌కు కూడా ఇదే దారి: వేరే చోట దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు.

విండోస్ ఫైళ్లే పాడయ్యాయని అనుమానముంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు DISM /Online /Cleanup-Image /RestoreHealth, అది పూర్తయ్యాక sfc /scannow అని టైప్ చేసి నడపండి. వరుస మార్చకండి. మొదటిది బాగుచేసిన నకళ్ల నుంచే రెండోది పాడైన ఫైళ్లను మారుస్తుంది. మధ్యలో ఒక శాతం దగ్గర చాలాసేపు ఆగినట్టు కనిపించినా కిటికీ మూసేయకండి.

బయటి యాంటీవైరస్ అయితే

ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాని పక్కన మాడిఫై ఉంటే నొక్కి, రిపేర్ ఎంచుకుని చూడండి. లైసెన్సు పోదు, సెట్టింగులు చాలావరకు అలాగే ఉంటాయి. అదీ పనిచేయకపోతే అప్పుడు తీసివేత. తీసేముందు కొత్త ఇన్‌స్టాలర్‌ను కంపెనీ సైట్ నుంచే దించుకుని, అకౌంట్‌లోకి లాగిన్ కాగలుగుతున్నారో లేదో సరిచూసుకోండి.

మామూలు అన్‌ఇన్‌స్టాల్ కొన్నిసార్లు డ్రైవర్లను వదిలేస్తుంది, వాటి వల్ల కొత్తది ఎక్కదు. అందుకే కంపెనీలే ప్రత్యేకంగా తుడిచే టూల్స్ ఇస్తాయి: అవాస్ట్ క్లియర్, ఏవీజీ క్లియర్, మెకాఫీవారి ఎంసీపీఆర్, కాస్పర్‌స్కీవారి కేఏవీరిమూవర్. వీటిలో కొన్నింటిని సేఫ్ మోడ్‌లో (విండోస్ అత్యవసరమైనవాటితోనే లేచే పద్ధతి) నడపాలి. షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా అక్కడికి వెళ్లొచ్చు. తుడిచాక రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తిరిగి కాపలాకు వస్తుంది, కాబట్టి కొత్తది ఎక్కించేలోపు కంప్యూటర్ ఒంటరిగా ఉండదు.

అడ్డుపడేది వైరస్సే అయితే

మిగతా సైట్లన్నీ తెరుచుకుంటూ యాంటీవైరస్ కంపెనీల సైట్లు మాత్రం తెరుచుకోకపోవడం, రియల్‌టైమ్ ప్రొటెక్షన్ ఆన్ చేసిన కాసేపటికే ఆఫ్ కావడం, సొంత కంప్యూటర్లో "ఈ సెట్టింగ్ మీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది" అన్న సందేశం రావడం: ఇవి తేలిగ్గా తీసుకోవాల్సినవి కావు. చివరిదానికి ముందు అకౌంట్స్‌లో యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ చూడండి, ఆఫీసు అకౌంట్ కలిపి ఉంటే కారణం అదే కావచ్చు. లేకపోతే విండోస్‌ను "తేలిక చేసే" టూల్ గానీ మాల్‌వేర్ గానీ పాలసీ పెట్టి ఉంటుంది.

ఎక్స్‌క్లూజన్స్ జాబితా, అంటే స్కాన్ చేయకుండా వదిలేసేవి, తప్పకుండా చూడండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో అడుగున ఉంటుంది. సీ డ్రైవ్ మొత్తమో, డౌన్‌లోడ్స్ ఫోల్డరో అక్కడ ఉంటే డెఫినిషన్లు ఎంత తాజావైనా ఒరిగేదేమీ లేదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి "ముందు యాంటీవైరస్ ఆపండి, ఈ ఫోల్డర్‌ను మినహాయించండి" అని చెప్పేది ఇందుకే.

ఆ తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. తెరిచిన పనులన్నీ ముందే సేవ్ చేసుకోవాలి, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కునే మాల్‌వేర్‌కు అవకాశం తక్కువ. సుమారు 15 నిమిషాలు పడుతుంది, ఫలితాలు ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటాయి. రెండో అభిప్రాయానికి మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ మంచిది. దించిన 10 రోజులకు దాని గడువు తీరిపోతుంది, కిందటి నెలది దాచుకుని వాడే వీలు లేదు.

కంప్యూటర్ బరువెక్కితే, మంచి ఫైల్‌ను పట్టుకుంటే

టాస్క్ మేనేజర్లో యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ (డిఫెండర్ ప్రోగ్రామ్ ఇదే) పైన కూర్చుంటే స్కాన్ నడుస్తోందని అర్థం. పెద్ద అప్‌డేట్ తర్వాతో, చాలా రోజులకు ఆన్ చేసినప్పుడో ఇది మామూలే, పూర్తి కానివ్వండి. ఆ ప్రోగ్రామ్‌నే ఎక్స్‌క్లూజన్స్‌లో పెట్టమనే సలహా నెట్‌లో తెగ తిరుగుతోంది, దాన్ని పాటించకండి.

అప్‌డేట్ అయిన వెంటనే ఎన్నో ఏళ్లుగా వాడుతున్న ప్రోగ్రామ్‌ను వైరస్ అంటే, తప్పు యాంటీవైరస్‌ది కూడా కావచ్చు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ డెఫినిషన్ ఒకటి విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైల్‌నే వైరస్ అనుకుని పట్టేసింది, కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. ఇలాంటప్పుడు ఫైల్‌ను డిలీట్ చేయకుండా క్వారంటైన్‌లోనే ఉంచి, కొన్ని గంటల తర్వాత మళ్లీ అప్‌డేట్ చేసి చూడండి. ఆ ఫైల్‌ను తయారీదారు సైట్ నుంచి మళ్లీ దించి వైరస్‌టోటల్‌లో (ఒక ఫైల్‌ను చాలా యాంటీవైరస్ ఇంజిన్లతో పరీక్షించే సైట్) పరీక్షించవచ్చు. ఒకటి రెండు ఇంజిన్లే అనుమానిస్తే పొరపాటు కావడానికి ఎక్కువ అవకాశం. సొంత పత్రాలు మాత్రం అక్కడ పెట్టకండి, అవి ఇతరులకు చేరతాయి.

"మీ యాంటీవైరస్ గడువు తీరింది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని తెర మూలన వచ్చేవి యాంటీవైరస్ మాటలు కావు. ఎక్కువగా అవి ఏదో సైట్‌కు మీరు అలౌ నొక్కినందుకు వచ్చే బ్రౌజర్ నోటిఫికేషన్లు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో ఆ సైట్‌ను తీసేయండి. ఫోన్ చేయకండి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ ఎక్కించకండి.

విండోస్ 10 వాడేవారికి ఒక తేడా తెలియాలి. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్ డెఫినిషన్లు 2028 అక్టోబర్ వరకు వస్తాయని కంపెనీ చెప్పింది గానీ, డెఫినిషన్లు విండోస్‌లోని రంధ్రాలను పూడ్చవు. ప్రొటెక్షన్ అప్‌డేట్స్‌లో అంతా ఆకుపచ్చగా కనిపించినా, ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో (మద్దతు ముగిశాక కూడా భద్రతా సవరణలు ఇచ్చే పథకం) చేరని విండోస్ 10 ప్రమాదంలో ఉన్నట్టే.

అన్నీ అయ్యాక యాంటీవైరస్ నిజంగా మేలుకొని ఉందో లేదో చూడటానికి ఐకార్ పరీక్ష ఫైల్ ఉంది. 68 అక్షరాల వరుస అది, హాని చేయదు, యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌గా పట్టుకోవాలని ముందే ఒప్పుకున్నాయి. ఐకార్ సైట్ నుంచి దించబోతే అక్కడే అడ్డుకోవాలి. డెఫినిషన్ల సంగతి మాత్రం మర్నాడు చూడండి: మీరు బటన్ నొక్కకుండానే తేదీ ముందుకు జరిగి ఉండాలి. జరగకపోతే చేత్తో ఎక్కించినది మాత్రమే పనిచేసింది, దారి ఇంకా మూసే ఉంది. సర్వీసులు, ప్రాక్సీ దగ్గరికి తిరిగి వెళ్లండి.