ప్రాథమిక పాఠశాలలో ఒక ఏడాది: తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసినవి

ప్రాథమిక పాఠశాలలో విద్యాసంవత్సరం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే వేగంతో సాగదు. మొదటి వారాలు అలవాటు పడటానికే సరిపోతాయి. ఆ తర్వాత చదువు ఊపందుకుంటుంది. నడుమ ఎక్కడో ఒకచోట పిల్లలు కదలకుండా ఆగిపోయినట్టు కనిపిస్తారు. చివరి నెలల్లో, అప్పటిదాకా విడివిడిగా నేర్చుకున్నవి ఒకదానితో ఒకటి కలిసి, ఇంట్లోవారికే ఆశ్చర్యం కలిగించేంత మార్పు వస్తుంది. ఈ తీరు ముందే తెలిసిన తల్లిదండ్రులు ప్రతి చిన్న వెనుకబాటుకూ కంగారు పడరు. నిజంగా పట్టించుకోవలసినది ఎదురైనప్పుడు ఆలస్యమూ చేయరు. ఇక్కడ చెప్పేవి సుమారు ఆరు నుంచి పదకొండేళ్ల వయసు పిల్లలకు వర్తిస్తాయి.

బడి తెరిచే ముందు

కొత్త పుస్తకాల మీద, సంచీ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా నిద్ర మీద పెట్టడం మంచిది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు రోజుకు 9 నుంచి 12 గంటలు నిద్రపోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. సెలవుల్లో ఆలస్యంగా పడుకోవడానికి అలవాటు పడినవారిని బడి రేపనగా ఒక్క రాత్రిలో దారికి తేవడం అయ్యే పని కాదు కాబట్టి, రెండు వారాల ముందు నుంచే రెండు మూడు రోజులకొకసారి పడుకునే వేళను పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ రావాలి. ఆ రోజుల్లోనే కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించాలి. ఎప్పుడూ మసకగానే చూస్తున్న పిల్లలు లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు కనుక, బోర్డు మీద రాసింది కనపడటం లేదని తమంతట తాము చెప్పరు. పెద్దలు దాన్ని అశ్రద్ధ అనుకుంటారు.

మొదటిసారి బడికి వెళ్లే పిల్లలకు అక్షరాలు ముందుగా వచ్చి ఉండటం కన్నా కొన్ని సొంత పనులు రావడం ముఖ్యం. డబ్బా మూత తీసుకోవడం, చెప్పులు తొడుక్కోవడం, మరుగుదొడ్డికి వెళ్లాలని అడగడం, చేతులు కడుక్కోవడం, “నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి” అని నోరు తెరిచి అనగలగడం వాటిలో కొన్ని. ఇందులో చివరిది అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ఎక్కువ కాలం పనికివచ్చేది. సంచీ బరువు పిల్లల ఒంటి బరువులో పదోవంతు దాటకుండా చూసుకుంటే చాలు.

మొదటి వారాలు

ఈ రోజుల్లో పిల్లలు బడిలో బుద్ధిగా ఉండి, ఇంటికి రాగానే చిన్న విషయానికి ఏడవడం, తోబుట్టువులతో గొడవ పడటం, తిండి దగ్గర పేచీ పెట్టడం మామూలే. రోజంతా కొత్తవారి మధ్య తమను తాము అదుపులో పెట్టుకున్న అలసట, చనువున్న చోట అలా బయటపడుతుంది. గుమ్మంలోనే “ఈరోజు ఏం నేర్చుకున్నావు?” అని అడిగితే “ఏమీ లేదు” అనే సమాధానం వస్తుంది. కాస్త తిని, ఆడుకుని, తేరుకున్న తర్వాత “ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు?”, “టీచర్ ఏ కథ చదివారు?” వంటి చిన్న ప్రశ్నలు వేస్తే మాటలు వాటంతట అవే వస్తాయి. ఉదయం బడి గేటు దగ్గర ఏడ్చే పిల్లల విషయంలో వీడ్కోలు ఎంత క్లుప్తంగా, ఎంత నిబ్బరంగా ఉంటే అంత మేలు. వెళ్లినట్టు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి చూసే అలవాటు ఏడుపును పొడిగిస్తుందే తప్ప తగ్గించదు.

మొదటి నెలలో కొత్త పాఠాలు ఏవీ మొదలు కాలేదని, పాతవే తిప్పి తిప్పి చెబుతున్నారని చాలామంది తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. ఆ పునశ్చరణ అవసరమైనదే. వేసవి సెలవుల ప్రభావంపై అమెరికాలో జరిగిన పలు అధ్యయనాలను హారిస్ కూపర్ అనే పరిశోధకుడి బృందం 1996లో క్రోడీకరించి చూసినప్పుడు, పిల్లలు సగటున ఒక నెల చదువుకు సమానమైనది మరిచిపోతున్నారనీ, చదవడంలో కన్నా లెక్కల్లో ఆ నష్టం ఎక్కువనీ తేలింది. ఉపాధ్యాయులు ఆ వారాల్లోనే ఎవరికి ఏది గుర్తుంది, ఎవరికి ఎక్కడ సాయం కావాలి అన్నది గమనించుకుంటారు.

ఇతరులతో పోల్చే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఒకే తరగతిలో అందరికన్నా పెద్దవారికీ అందరికన్నా చిన్నవారికీ దాదాపు పన్నెండు నెలల తేడా ఉండవచ్చు. ఆరేళ్ల పిల్లల విషయంలో అది వారి జీవితంలో ఆరోవంతు. చేతిరాతలోనూ, కుదురుగా కూర్చోవడంలోనూ కనిపించే తేడాలు కొన్ని తెలివికి సంబంధించినవి కావు. పుట్టిన నెలకు సంబంధించినవి.

చదవడం, లెక్కలు

మొదటి రెండు తరగతుల్లో పిల్లలు చదవడం నేర్చుకుంటారు. మూడో తరగతి నుంచి చదివి ఇతర విషయాలు నేర్చుకోవలసి వస్తుంది. అందుకే అప్పటిదాకా బాగానే ఉన్నట్టు కనిపించిన కొందరు ఆ తరగతిలో హఠాత్తుగా తడబడతారు. చిన్న పుస్తకాల్లో బొమ్మను చూసి, మొదటి అక్షరాన్ని పట్టుకుని మిగతాది ఊహించి నెట్టుకొచ్చినవారికి, బొమ్మలు తగ్గి వాక్యాలు పొడవయ్యేసరికి ఆ ఉపాయం పనిచేయదు.

ఇంట్లో దీన్ని తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. రాసిన మాటను విడదీసి పలకగలగడం, విన్న భాషను అర్థం చేసుకోగలగడం అనే రెండు శక్తులూ కలిస్తేనే చదివింది అర్థమవుతుందని గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ప్రతిపాదించారు. రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా చదువు కుంటుపడుతుంది. కాబట్టి పిల్లలు ఇంతకుముందు చూడని ఒక పేజీ తీసుకుని, బొమ్మను మూసి, వారిచేత పైకి చదివించి, ఏం జరిగిందో చెప్పమనాలి. తర్వాత అంతే కష్టమైన మరో పేజీని మీరే చదివి వినిపించి, అలాగే అడగాలి. విన్నప్పుడు చక్కగా చెప్పి, తానే చదివినప్పుడు చెప్పలేకపోతే ఇబ్బంది అక్షరాలను, ధ్వనులను కలపడంలో ఉంది. దానికి అభ్యాసం కావాలి. తడుముకోకుండా చదివినా, విన్నా కూడా అర్థం చెప్పలేకపోతే మాటల సంపద చాలడం లేదు. దానికి కబుర్లు, కథలు, ప్రశ్నలు కావాలి. ఈ తేడా తెలియకుండా ప్రతి సమస్యకూ “ఇంకో పది పేజీలు చదువు” అనే మందు వేయడం వల్ల పిల్లలకు పుస్తకమంటే విసుగు పుట్టడం తప్ప మరో ఫలితం ఉండదు.

సొంతంగా చదవడం వచ్చింది కదా అని చదివి వినిపించడం మానుకోకూడదు. తాము చదవగలిగిన దానికన్నా పిల్లలు విని అర్థం చేసుకోగలిగినది చాలా ఏళ్లపాటు ఎక్కువగానే ఉంటుంది. కొత్త మాటలు ఆ దారినే ఎక్కువగా వస్తాయి. ఒకే కథ పదేపదే అడిగినా విసుక్కోనక్కరలేదు. అక్షరాలను తిప్పి రాయడం సుమారు ఏడేళ్ల దాకా మామూలే. వందలకొద్దీ అక్షర రూపాలున్న లిపుల్లో అవన్నీ పట్టుబడటానికి, పాతిక ముప్పై అక్షరాలే ఉన్న లిపుల కన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఆ ఆలస్యాన్ని పిల్లల లోపంగా లెక్కించకూడదు.

లెక్కల్లో వేళ్ల మీద లెక్కించడాన్ని తొందరపడి మాన్పించవద్దు. ఒకట్లు, పదుల స్థానాలు అర్థం కాకుండా అప్పు తెచ్చుకుని తీసివేయడం నేర్చుకున్న పిల్లలు ఆ పద్ధతిని యాంత్రికంగా చేసి, మధ్యలో సున్నా వచ్చినప్పుడు చిక్కుపడతారు. భిన్నాల దగ్గరికి వచ్చేసరికి, మూడుకన్నా నాలుగు పెద్దది కనుక మూడోవంతు కన్నా నాలుగోవంతు పెద్దదని అనుకోవడం సర్వసాధారణం. జవాబు తప్పని చెప్పే ముందు “ఎలా చేశావో చెప్పు” అని అడిగితే, పొరపాటు ఎక్కడ పుట్టిందో వారి మాటల్లోనే దొరుకుతుంది.

హోంవర్క్

తరగతికి పది నిమిషాల చొప్పున, అంటే రెండో తరగతికి ఇరవై, నాలుగో తరగతికి నలభై నిమిషాలన్నది చాలా చోట్ల పాటించే కొలత. ప్రాథమిక తరగతుల్లో హోంవర్క్‌కూ చదువు ఫలితాలకూ ఉన్న సంబంధం బలహీనమైనదని పరిశోధనలు చెబుతున్నాయి కాబట్టి, దాన్ని ఇంటిల్లిపాదికీ సంకటంగా మార్చుకోవడం అనవసరం. నిజంగా ప్రయత్నించినా అనుకున్న సమయానికి రెట్టింపు పడుతుంటే, అక్కడ ఆపి, ఎంతవరకు చేశారో, ఎక్కడ ఆగిపోయారో పుస్తకంలోనే టీచర్‌కు రెండు వాక్యాలు రాసి పంపాలి. తల్లిదండ్రులు పూర్తి చేసి పంపిన అందమైన ప్రాజెక్టు వల్ల తరగతి గదిలో ఎవరికీ ఏమీ తెలియదు, పెద్దల చేతిపని తప్ప.

ఉపాధ్యాయులతో మాటలు

తల్లిదండ్రుల సమావేశంలో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే కనుక “మావాడు ఎలా ఉన్నాడండీ?” అని మొదలుపెడితే “బాగానే ఉన్నాడండీ” అనే మాటతో ముగిసిపోతుంది. ఇంట్లో గమనించిన ఒకటి రెండు విషయాలు రాసుకుని వెళ్లాలి: “అంకెల లెక్కలు చేస్తోంది కానీ మాటల్లో ఇచ్చిన లెక్క అర్థం కావడం లేదు” అన్నంత నిర్దిష్టంగా ఉండాలి. ఆపై మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఏవి తనంతట తాను చేయగలుగుతోంది, ఏవి సాయంతో చేస్తోంది, వచ్చే రెండు నెలల్లో ఇంట్లో దేని మీద దృష్టి పెట్టాలి? చివరి ప్రశ్నకు ఒక్క పనినే ఎంచుకుని, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకోవాలో కూడా అప్పుడే అనుకోవాలి. ప్రోగ్రెస్ రిపోర్టులో మార్కుల కన్నా టీచర్ రాసిన వ్యాఖ్యను జాగ్రత్తగా చదవాలి. బడి పద్ధతి నచ్చకపోతే అక్కడే అడగాలి. పిల్లల ఎదుట టీచర్‌ను తక్కువ చేసి మాట్లాడితే మర్నాటి నుంచి ఆ టీచర్ చెప్పే పాఠం విలువ కూడా తగ్గుతుంది.

నడి సంవత్సరం

జలుబులు, జ్వరాలు, పేలు ఈ వయసు బడి పిల్లలకు తప్పవు. నెలకు రెండు రోజులే కదా అనిపించే గైర్హాజరు ఏడాది మొత్తానికి సుమారు పదోవంతు చదువుకు సమానమవుతుంది. చాలా విద్యావ్యవస్థలు ఆ స్థాయి గైర్హాజరును ఆందోళన పడవలసినదిగానే చూస్తాయి.

ఎనిమిదేళ్లు దాటాక స్నేహాలు చదువంత ముఖ్యమవుతాయి. నిన్నటి ప్రాణ స్నేహితురాలు ఇవాళ మాట్లాడకపోవడం, రేపు మళ్లీ కలిసిపోవడం ఆ వయసు సహజం. పెద్దలు మధ్యలో దూరకుండా వింటే సరిపోతుంది. ఒకే బిడ్డను పదేపదే, కావాలని, బలంలోనో సంఖ్యలోనో పైచేయి ఉన్నవారు బాధపెడుతుంటే మాత్రం అది వేధింపు. అప్పుడు ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టుకుని తరగతి టీచర్‌కు తెలియజేయాలి. అవతలి పిల్లల తల్లిదండ్రుల దగ్గరికి నేరుగా వెళ్లడం చాలాసార్లు పెద్దల తగాదాగా మారుతుంది. బడి రోజుల్లో మాత్రమే వచ్చి సెలవు రోజున మాయమయ్యే కడుపునొప్పిని నటన అని కొట్టిపారేయకూడదు. ఆ నొప్పి నిజమైనదే కావచ్చు, దానికి కారణం కడుపులో కాక తరగతిలో ఉండవచ్చు.

కొన్ని విషయాల్లో “పెద్దయితే అదే వస్తుంది” అని వేచి ఉండటం నష్టం. నెలల తరబడి నేర్పినా అక్షరానికీ ధ్వనికీ సంబంధం కుదరకపోవడం, అంతకుముందు వచ్చిన మాటలో పనులో మళ్లీ రాకుండా పోవడం, పిలిస్తే తరచూ పలకకపోవడం, బడికి వెళ్లనని వారాల తరబడి మొండికేయడం అలాంటివి. టీచర్‌తో మాట్లాడి నిపుణుల పరీక్ష కోరాలి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా తరగతిలో అదనపు సాయం మొదలుపెట్టమనీ అడగవచ్చు.

చివరి నెలలు

ఏడాది ముగిసే ముందు పిల్లలు మళ్లీ అలసిపోతారు. కొందరికి కొత్త తరగతి, కొత్త టీచర్ అన్న బెంగ మొదలవుతుంది. సెలవులు రాకముందే మొదటి నెలల నోటుపుస్తకాన్ని, చివరి నెలల నోటుపుస్తకాన్ని పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి. తాము ఎంత దూరం వచ్చారో వారికి మార్కుల కన్నా అదే బాగా చెబుతుంది. తర్వాత ఒక కాగితం మీద, మీ బిడ్డకు ఏ విధంగా చెబితే త్వరగా అర్థమవుతుంది, ఏది భయం, ఈ ఏడాది ఏ సాయం పనిచేసింది, కళ్లద్దాలో మందులో ఉంటే వాటి వివరాలేమిటి అన్నవి రాసి, కొత్త టీచర్‌కు మొదటి వారంలోనే అందేలా సిద్ధంగా ఉంచుకోండి.