తంగేడు పెంపకం – రెండో పాఠం: గింజకు గంటు

ఎండిన కాయల నుంచి గింజలు తీసి పెట్టుకున్నారు కదా, ఇక మొలిపిద్దాం. తంగేడు గింజ మొండిది. గట్టి పైపొర నీటిని లోపలికి రానివ్వదు. అలాగే చల్లితే కొన్ని ఈ ఏడు, కొన్ని ఎప్పటికో మొలుస్తాయి. ఒక్క వానకే అన్నీ మొలిచి, ఆ తర్వాతి ఎండకు మాడిపోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటది. మనకు మాత్రం అడ్డు.

ముందు ఏరివేత. గుండ్రటి సన్న చిల్లున్న గింజ పారేయండి. పప్పు తిన్న పురుగు బయటికొచ్చిన దారి అది. నీళ్లలో తేలినవీ వద్దు.

గింజలు కొద్దిగానే ఉంటే, కాయకు అంటుకునే మొనను వదిలి దాని ఎదుటి చివరను గరుకు కాగితం మీద రుద్దండి. లోపలి లేత రంగు కనబడగానే ఆపాలి. రాత్రంతా నానబెట్టండి. వందల్లో ఉంటే నీళ్లు తెర్లనిచ్చి, పొయ్యి దింపాక గింజలు వేసి తెల్లారేదాకా వదిలేయండి. పొయ్యి మీదే ఉంచితే పప్పు ఉడికిపోతుంది. ఉబ్బినవే విత్తండి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి.

తల్లివేరు త్వరగా కిందికి దిగుతుంది. టీ కప్పులాంటి వాటిలో పెడితే అడుగున చుట్టుకుపోయి, నాటాక మొక్క ఎదగదు. 9 అంగుళాల లోతు సంచి కావాలి: ఎర్రమట్టి 2 పాళ్లు, ఇసుక 1, మాగిన పశువుల ఎరువు 1. గింజ లోతు ఒక సెంటీమీటరు. రోజూ తడిపితే నారుకుళ్లు ఖాయం. పైమట్టి ఆరాకే నీళ్లు. తొలకరి తర్వాత మీటరు ఎడంలో, కుదురుకు రెండు గింజలు నేరుగా విత్తడమే మా లెక్కన మేలు. నీరు నిలిచే నేల పనికిరాదు.

ఆకుల మీద పచ్చని గొంగళిపురుగులు కనబడితే మందు కొట్టకండి. అవి పసుపు, తెలుపు సీతాకోకచిలుకల పిల్లలు. ఆకు మళ్లీ వస్తుంది. ఇక పువ్వులో తేనె ఉండదు, వాలే ఈగలకు పుప్పొడే కూలి. అది కేసరాల కొనల చిల్లుల్లోంచి రాలాలంటే గట్టిగా అదరగొట్టాలి. తేనెటీగకు ఆ విద్య రాదు, తుమ్మెదకు వచ్చు. దాని ఝుంకారం ఉత్త పాట కాదన్నమాట!

పూలు బతుకమ్మకు, చెక్క (అంటే బెరడు) తోళ్లు ఊనడానికి, అంటే పచ్చి తోలును పదును చేయడానికి. చెక్క కోసం నిలబడ్డ కొమ్మను చుట్టూ ఒలిస్తే పైభాగం చస్తుంది. కొమ్మను నరికాకే ఒలవాలి.

వచ్చే పాఠం లోపు: పది గింజలు రుద్ది, పది రుద్దకుండా వేరువేరుగా విత్తి, మొలకల లెక్క రోజూ రాసుకోండి.