ఊరి పనులకు ముందే మట్టి పరీక్ష: దరఖాస్తు విధానం

పొలంలో సేద్యపు కుంట తవ్వినా, చెరువు పూడిక మన్ను తోలినా, పక్కనే రోడ్డు వేసినా నేల మారుతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎర్ర నేలల్లో సారమంతా పైపొరలోనే ఉంటుంది. కుంట తవ్వగా వచ్చిన అడుగు మట్టిని దానిమీద పరిస్తే సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, పేడ వంటి వాటి నుంచి మట్టికి వచ్చే సారం) పడిపోతుంది. వేరుశనగ దిగుబడి తగ్గాక పరీక్షకు పరుగెత్తితే, పోల్చుకోవడానికి పాత లెక్క ఉండదు. కాబట్టి యంత్రం పొలంలో దిగకముందే మొదటి నమూనా తీయించండి.

ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం నకళ్లు, ఫోను నంబరుతో రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడిని కలవండి. తెల్లకాగితంపై సర్వే నంబరు, పంట, నీటి వసతి, జరగబోయే పని రాసివ్వండి. ఒక్క మాట మాత్రం తప్పక రాయండి: నమూనా నా పొలంలోనే తీయాలి. మట్టి పరీక్ష ఫలితాలను కార్డుగా ఇచ్చే, 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో సాగునీరున్న భూమికి 2.5 హెక్టార్లకు, మెట్టకు 10 హెక్టార్లకు ఒక నమూనా లెక్క. అంటే మీ చేతికొచ్చే కార్డులోని అంకెలు పక్క రైతు మట్టివి కావచ్చు.

పైరు లేనప్పుడు, ఎరువు వేయకముందు మట్టి తీయాలి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు వదిలేసి, ఎకరానికి పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తీసి, అంచు వెంబడి మట్టి గీకండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకు తగ్గించండి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పోయండి. ఎరువుల సంచి వాడితే ఫలితమే తప్పుతుంది. మామిడి తోటకైతే మూడడుగుల వరకు అడుగుకొక నమూనా విడిగా కావాలి. పూడిక మన్ను తోలేవారు ఆ మన్నునూ పరీక్షించాలి; ఉప్పు ఎక్కువుంటే మేలు కన్నా కీడే ఎక్కువ.

పని ముగిసి ఒక పంట తీశాక, అదే కాలంలో, అదే చోట, అదే లోతులో రెండో నమూనా ఇవ్వండి. కార్డులోని 12 అంశాల్లో ఉదజని సూచిక (పీహెచ్, అంటే మట్టి పులుపో చౌడో చెప్పే అంకె), లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం ముందు చూడండి.

నష్టం కనబడితే రెండు కార్డులూ జతచేసి మండల వ్యవసాయాధికారికి అర్జీ ఇవ్వండి. స్పందన లేకుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. పని అంచనా, జరిగిన పని కొలతలు రాసే పుస్తకం నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. జవాబుకు గడువు 30 రోజులు. ప్రతి అర్జీకీ తేదీ వేసిన రసీదు తీసుకోండి.