ఎండలు ముదరకముందే: కారులో డ్యాంపింగ్, సబ్‌వూఫర్ వేయించేవాళ్లకు జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ తర్వాత నెలన్నరకే మా నల్లగొండలో బయట నిలిపిన కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంటే అద్దాలు మూసిన కారు లోపల 60 దాటిపోతుంది. ఎండ నేరుగా తగిలే రేకు ఇంకా ఎక్కువ కాలుతుంది. పెళ్లిళ్ల సీజన్ కదా అని చాలామంది సరిగ్గా అప్పుడే సబ్‌వూఫర్ (బాస్ మోగించే పెద్ద స్పీకర్) మీద పడతారు. వీలైతే ఆ పని ఫిబ్రవరిలోనే ముగించండి. ఎప్పుడు చేయించినా సరే, లోపల పెట్టే ప్రతి షీటు, ప్రతి వైరు ఆ వేడికి నిలుస్తుందా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

డ్యాంపింగ్ అంటే రేకు వణుకు, చప్పుడు తగ్గేలా లోపల షీట్లు అంటించడం. నేను మొదటిసారి డోర్లకు వేయించినవి తారు షీట్లు. చవకగా వచ్చాయి. వేయించింది డిసెంబరులో. తలుపు వేస్తే డబడబలాడే చప్పుడు పోయి ధబ్‌మని మూసుకుంటుంటే మస్తు సంతోషమైంది. ఏప్రిల్‌లో ఒకరోజు మిర్యాలగూడ పోయి, మధ్యాహ్నమంతా బండిని ఎండలో పెట్టాను. సాయంత్రం అద్దం దించుతుంటే సగంలో ఆగింది. డోర్ ప్యాడ్ విప్పి చూస్తే షీటు జారిపోయి, అద్దం దిగే దారిలో ముడుచుకొని పడి ఉంది. వేలు పెడితే నల్లటి జిగురు తీగలు తీగలుగా సాగింది. కిరోసిన్ గుడ్డతో రెండు రోజులు తుడవాల్సి వచ్చింది. ఆ వాసన మాత్రం వానలు పడేదాకా బండిని వదల్లేదు.

అందుకే షీటు బ్యూటైల్ రబ్బరుదా, తారుదా అన్నది కొనేముందే తేల్చుకోండి. రెండూ నల్లగానే ఉంటాయి, రెండింటి మీదా వెండి రేకు ఒకేలా మెరుస్తుంది. చిన్న ముక్క కోసి వాసన చూడండి. రోడ్డు వేసేటప్పుడు వచ్చే వాసన వస్తే వద్దు. అనుమానం తీరకపోతే ఆ ముక్కను ఎండ తగిలే ఇనుప గేటుకు అంటించి రెండు మధ్యాహ్నాలు వదిలేయండి. అక్కడ జారింది డోరులోనూ జారుతుంది.

డోరు మొత్తం కప్పాలని షాపువాళ్లు చెబుతారు, అవసరం లేదు. షీటు చేసే పని రేకు వణుకును ఆపడం. వేలి కణుపుతో కొడుతూ పోతే రేకు ఎక్కడ ఖాళీ డబ్బాలా మోగుతుందో తెలుస్తుంది. ఆ చోట్ల, రేకు వైశాల్యంలో పావు నుంచి మూడోవంతు దాకా వేస్తే చాలావరకు పని అయిపోతుంది. మిగిలిన డబ్బుతో మంచి రకం షీటు కొనండి. అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దుమ్ము, జిడ్డు పూర్తిగా తుడవాలి, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. సొంతంగా చేసుకునేవాళ్లు గ్లవ్స్ వేసుకోండి, ఆ వెండి రేకు అంచు బ్లేడులా కోస్తుంది. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. వాటిని మూసేస్తే ఎండకాలమంతా ఏమీ తెలియదు. జూన్ వానలకు నీళ్లు లోపలే నిలిచి డోరు కింది నుంచి తుప్పు పడుతుంది. నీళ్లు పీల్చే స్పాంజి రకం ఫోమ్ వేసినా అదే గతి.

ఇక వైరింగ్. ఇక్కడ తప్పు జరిగితే పోయేది అద్దం కాదు, బండే కాలిపోతుంది. బ్యాటరీ నుంచి డిక్కీలోని ఆంప్ (సబ్‌వూఫర్‌ను మోగించే ఆంప్లిఫయర్) దాకా ఎర్ర వైరు బండి పొడవునా పోతుంది. మధ్యలో ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా బ్యాటరీ బలమంతా అక్కడే దిగుతుంది. అందుకే బ్యాటరీ నుంచి మూరెడు లోపల, అంటే 45 సెంటీమీటర్లలోపు, ఫ్యూజు ఉండి తీరాలి. "ఆంప్ మీద ఉంది గదన్నా, ఇంకోటెందుకు?" అని ఫిట్టర్ అంటాడు. ఆ ఫ్యూజు ఆంప్ కోసం, దాని దాకా వచ్చే వైరుకు అది ఏ రక్షణా ఇవ్వదని చెప్పి పెట్టించండి. వైరు మోయగలిగినదానికంటే పెద్ద ఫ్యూజు వేస్తే వేయనట్టే. ఇంజను గదిలోంచి లోపలికి వైరు దూరే రంధ్రానికి వైరు ఒరుసుకోకుండా కాపాడే రబ్బరు రింగు (గ్రామెట్) ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

నిజంగా 500 వాట్లు ఇచ్చే క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ ఫుల్లుగా మోగితే సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. దానికి 4 గేజ్ మందం రాగి వైరు వేయించండి. అట్టపెట్టె మీద వేసే పెద్ద అంకెను కాదు, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) అని రాసినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. వైరులో ఒక పోగును బ్లేడుతో గీకితే రాగి పూత కింద తెల్లగా కనబడిందంటే అది అల్యూమినియం. అదే గేజులో రాగి మోసినంత మోయదు, త్వరగా వేడెక్కుతుంది. ఎర్త్ వైరు పొట్టిగా, పెయింటు గీకిన గట్టి రేకుకు బిగించాలి. సీటు బెల్టు బోల్టుకు మాత్రం వద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి.

డ్రిల్లు పట్టేముందు బండి కిందికి వంగి చూడమనండి. చాలా కార్లలో వెనుక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్నవాళ్లు వాల్వును, గాలి బయటికి పోయే గొట్టాలను సబ్‌వూఫర్ డబ్బాతో మూయకూడదు. అలాంటి బండికి సీటు కింద పట్టే చిన్న సబ్‌వూఫర్ మేలని నా అభిప్రాయం.

ఆంప్‌కు గాలి ఆడాలి. పెళ్లికి పోతూ దాని మీద బ్యాగులు, చీరల మూటలు పేరిస్తే వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. ఆంప్ మీది గెయిన్ నాబ్ వాల్యూమ్ కోసం కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టడం కోసం. బాస్ చాలట్లేదని దాన్ని చివరిదాకా తిప్పితే సౌండు చీలుతుంది, సబ్‌వూఫర్ కాయిల్ మాడుతుంది. లో పాస్ (పెట్టిన అంకెకు పైనున్న శబ్దాలను సబ్‌వూఫర్‌కు పోకుండా తగ్గించే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చినట్టు సవరించుకోండి.

అంతా అయ్యాక షాపు ముందు ఒక పాట విని డబ్బులిచ్చేయకండి. మధ్యాహ్నం పూట నార్కట్‌పల్లి దాకా పాటలు పెట్టుకొని పోయి రండి. ఆగి డిక్కీ తెరిచి, ఆంప్‌కు వైరు బిగించిన చోట వేలు పెట్టి చూడండి. వైరు మామూలుగా ఉండి ఆ బిగింపు ఒక్కటే కాలుతుంటే లోపల స్క్రూ వదులుగా ఉన్నట్టు. పాటలు ఆపేసి నేరుగా షాపుకు పోయి, మీ ముందే బిగించమనండి.