జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లే ముందు

హైదరాబాద్ పాతబస్తీలో గురువారం జరిగే ఈ పాత వస్తువుల సంతకు పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కేసరికి మంచివి చేతులు మారిపోతాయి.

జేబులో ఉండాల్సినవి: చిన్న అయస్కాంతం, భూతద్దం, గ్రాముల తూకం, చిల్లర నోట్లు. పర్సు ముందు జేబులోనే పెట్టుకోండి.

చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయిలకు నకిలీలు ఎక్కువ. అసలుది సుమారు 11.18 గ్రాములు తూగుతుంది. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు; అతుక్కోనంత మాత్రాన వెండే అనుకోకండి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తే పోత పోసిన నకిలీయే. దొరికిన నాణేన్ని చింతపండుతో తోమొద్దు, దయచేసి! వందేళ్ల పాత రంగు ఒక్క నిమిషంలో పోతుంది.

నల్లటి లోహంలో వెండి పువ్వులు పొదిగిన బిద్రీ గిన్నె నచ్చితే భూతద్దంతో పువ్వు అంచులు చూడండి. వెండి తీగ ఆ లోహంలోకి దిగి ఉండాలి. గోరుతో గీస్తే రాలేది రంగే.

తళతళలాడే ఇత్తడి గొట్టం గ్రామఫోన్లను నేనైతే ముట్టుకోను. చాలావరకు కొత్త భాగాలతో కూర్చినవే.

దంతం వస్తువులు అసలు కొనొద్దు, చట్టం ఒప్పుకోదు. వందేళ్లు దాటిన విగ్రహాలకు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులకు 1972 పురావస్తు చట్టం వర్తిస్తుంది. ఎక్కడిదో చెప్పలేని గుడి విగ్రహాన్ని ఎంత చవకైనా వదిలేయండి, అది ఏ ఊరి దేవుడో!

బేరం నెమ్మదిగా, మర్యాదగా చేయండి. అమ్మే పెద్దాయన ఫోన్ నంబరు అడిగి రాసుకోండి.