ఒక్కరోజులో శిఖరం ఎక్కి దిగాలంటే, బయల్దేరే ముందు

వెనుదిరిగే టైము ముందే అనుకోండి. ఒంటిగంట అంటే ఒంటిగంటే, శిఖరం చెయ్యి చాస్తే అందేలా ఉన్నా సరే. చీకట్లో ఇరుక్కునేది ఆ "ఇంకొక్క పావుగంట" దగ్గరే.

నడక లెక్క: దూరానికి గంటకు 5 కి.మీ., ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట. ఇది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. ఫొటోల టైము మీరే కలుపుకోండి!

దిగాక ఎక్కాల్సిన చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. దాన్నిబట్టే పొద్దున లేవాలి.

ఉరుము వినబడితే శిఖరం వదిలేసి కిందికి రండి, పిడుగు ఎత్తైన చోటే వెతుక్కుంటుంది.

జాకెట్ తప్పనిసరి. 1000 మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. నూలు బనీను మాత్రం వద్దు, చెమటకు తడిసి వీపుకి అతుక్కుంటే పైన గాలికి పళ్లు టకటకలాడతాయి.

ఫోన్ లైటు కాకుండా హెడ్‌ల్యాంప్ (తలకు కట్టుకునే లైటు) విడిగా ఉండాలి. చలికి ఫోన్ ఛార్జింగ్ త్వరగా దిగిపోతుంది. మ్యాప్‌ని రూములో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి.

ముందురోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి. నవ్వకండి, దిగేటప్పుడు బొటనవేలు అడుగడుక్కీ బూటు కొనకి గుద్దుకుంటుంది.

ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో బస చేసినచోట చెప్పండి.