జిగురు అతుకు ఎంత బరువుకు తెగుతుందో ముందే లెక్కగట్టడం

రెండు లోహపు పట్టీలను కొంతమేర ఒకదానిపై ఒకటి పరచి ఎపాక్సీతో అతికించే పని మొదలుపెట్టినప్పుడు, హనుమకొండలోని మా వర్క్‌షాపుకు వచ్చే విద్యార్థులు దాదాపు అందరూ జిగురు డబ్బాపై అచ్చయిన షియర్ బలాన్ని (పక్కకు జార్చే లాగుడును జిగురు ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే సంఖ్యను) అతుకు వైశాల్యంతో గుణించి, అంత బరువు ఆగుతుందని రాసుకుంటారు. అతుకు పొడవునా భారం సమానంగా పడుతుందనే ఊహ ఆ గుణకారంలో దాగి ఉంది. కానీ లాగినప్పుడు పట్టీలు కూడా సాగుతాయి కనుక భారం అతుకు రెండు కొసల దగ్గర పోగుపడి, నడిమి భాగానికి తక్కువే చేరుతుంది. ఈ సంగతిని ఫోల్కర్సన్ అనే పరిశోధకుడు 1938లోనే లెక్కతో చూపారు.

రెండు పట్టీలూ ఒకే లోహం, ఒకే మందం అయితే ఆ లెక్క చేతితో చేయదగినదే. జిగురు షియర్ గుణకానికి (జార్చే లాగుడుకు జిగురు ఎంత బిగువుగా నిలుస్తుందో చెప్పే సంఖ్యకు) రెట్టింపు తీసుకుని, దాన్ని పట్టీ యంగ్ గుణకం (సాగకుండా లోహం ఎంత బిగువుగా నిలుస్తుందో చెప్పే సంఖ్య), పట్టీ మందం, జిగురు పొర మందం అనే మూడింటి లబ్ధంతో భాగించి వర్గమూలం తీయాలి. దాన్ని అతుకు పొడవులో సగంతో గుణించాలి. వచ్చిన సంఖ్యను దాని హైపర్బోలిక్ టాంజెంట్‌తో (కాలిక్యులేటర్‌లో tanh) భాగిస్తే, కొస దగ్గరి ప్రతిబలం, అంటే వైశాల్యంపై పడే బలం, సగటుకు ఎన్ని రెట్లో తెలుస్తుంది. 1.6 మి.మీ. అల్యూమినియం పట్టీ (70 గిగాపాస్కల్), 1 గిగాపాస్కల్ షియర్ గుణకం గల జిగురు, 0.2 మి.మీ. పొర అనుకుంటే, 12.5 మి.మీ. అతుకుకు ఆ నిష్పత్తి సుమారు 1.96, 25 మి.మీ. అతుకుకు 3.74 వస్తుంది. జిగురు 30 మెగాపాస్కల్ వరకే తట్టుకునే పెళుసు రకమైతే, 25 మి.మీ. వెడల్పున మొదటి అతుకు 4.8, రెండోది 5 కిలోన్యూటన్ల దగ్గర తెగుతుంది. పొడవు రెట్టింపైనా బలం ఐదు శాతమే పెరిగింది. అందుకే బలం కావాలంటే నేను ముందు వెడల్పు పెంచమంటాను. సాగే గుణమున్న జిగురైతే కొసలు లొంగి భారాన్ని నడుమకు పంచుతాయి గనుక, అక్కడ ఆ మామూలు గుణకారమే నిజానికి దగ్గరగా వస్తుంది.

పట్టీ వైపు కూడా చూడాలి. రెండు పట్టీల లాగుడు ఒకే గీత మీద ఉండదు కాబట్టి అతుకు ఒక పక్కకు ఒరిగి, పట్టీ వంగి, కొస దగ్గర జిగురును ఒలిచే ప్రతిబలం పుడుతుంది. గోలాండ్, రైస్నర్ అనే పరిశోధకులు 1944లో ఇచ్చిన విశ్లేషణ ప్రకారం, అతుకు చిన్నదై భారం తక్కువగా ఉన్నప్పుడు కొస దగ్గర పట్టీలోని ప్రతిబలం, సూటి లాగుడు లెక్కకు నాలుగు రెట్ల వరకు చేరగలదు. పైన చెప్పిన 5 కిలోన్యూటన్లకు సూటి ప్రతిబలమే 125 మెగాపాస్కల్. అంటే మెత్తని రకం పట్టీ జిగురుకన్నా ముందే లొంగిపోవచ్చు. జిగురు, పట్టీ రెండింటిలో తక్కువ వచ్చినదే మీ అంచనా.

జిగురు, లోహం కలిసే తలం ఈ లెక్కల్లో లేదు. దాన్ని తయారీతోనే సరిచూడాలి. ఎమెరీ కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచాక, లోహంపై శుభ్రమైన నీళ్లు పోయండి. నీరు పలుచని పొరగా నిలవాలి, బిందువులుగా చీలిపోతే నూనె ఇంకా మిగిలి ఉంది. తెగిన అతుకును పక్కవాటు వెలుగులో తిప్పి చూడండి: జిగురు రెండు ముక్కల మీదా మిగిలితే జిగురే తెగింది, ఆ ఫలితాన్ని మీ లెక్కతో పోల్చవచ్చు, ఒక వైపు లోహం నునుపుగా మెరుస్తుంటే అతుకే పట్టలేదు, ఆ ఫలితాన్ని లెక్కతో పోల్చకండి.

మన దగ్గర మే నెల ఎండ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీల్లో చాలావాటి మెత్తబడే ఉష్ణోగ్రత 50, 60 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వరంగల్ ఎండకు రేకుల షెడ్డు లోపలి లోహం ఆ వేడిని అందుకోగలదు. జనవరి ఉదయాన నేను పరీక్షించి పాసైందని రాసిన ఒక బ్రాకెట్ మే మధ్యాహ్నం అలాగే జారి ఊడిపోయింది. ఆనాటి నుంచి నమూనాల్లో సగాన్ని నీళ్లలో నానబెట్టి, మిగతా సగాన్ని 60 డిగ్రీల ఓవెన్‌లోంచి తీసిన వెంటనే లాగి చూస్తున్నాను. రెండింటిలో తక్కువ వచ్చిన సంఖ్యనే డ్రాయింగ్ మీద రాస్తాను.